ఓవెన్ లేకుండా పొరల స్వీటు: బెజవాడ ఎండలో తొమ్మిది ట్రేల డైరీ

నాన్న షష్టిపూర్తి జూన్ 14న. పొద్దున హోమం, మధ్యాహ్నం భోజనాలు వంటవాళ్ళు చూసుకుంటారు. సాయంత్రం ఇంటికి వచ్చే ముప్పై మందికి పెట్టే చల్లటి స్వీటు నా బాధ్యత. ఇంట్లో ఓవెన్ లేదు. గుడ్డు తినం. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు కాబట్టి అదీ కుదరదు. మిగిలిన దారి బిస్కెట్, క్రీమ్, పండు పొరలుగా పేర్చి ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వడం.

మే 11 నుంచి జూన్ మొదటి వారం దాకా తొమ్మిది ట్రేలు చేశాను. ఏది ఎందుకు పాడైందో, తర్వాత ఏం మార్చానో, ఎంత ఖర్చైందో ఇక్కడ రాస్తున్నాను. దీన్ని చూసి మొదలుపెట్టేవాళ్ళకు కనీసం నా మొదటి మూడు ట్రేల డబ్బు మిగలాలి.

సామాను

20 × 20 సెం.మీ. గాజు ట్రేలు (లోతు 5 సెం.మీ.), 1 గ్రాము దాకా తూచే వంటింటి త్రాసు, 300 రూపాయల ఫ్రిజ్ థర్మామీటరు, చేత్తో పట్టుకునే కరెంటు బీటరు, రెండు స్టీలు గిన్నెలు (ఒకదానిలో ఒకటి పట్టేవి), పల్చటి నూలు గుడ్డ. పాత్రలు, పరికరాల ఖర్చు కింది లెక్కల్లో కలపలేదు.

బిస్కెట్ మేరీ. అడ్డంగా 6.3 సెం.మీ. ఉంది కాబట్టి ట్రేలో వరసకు మూడు, పొరకు తొమ్మిది పడతాయి. మధ్య సందుల్లో మరో మూడు విరిచి పేర్చాలి. అంటే పొరకు 12, మూడు పొరలకు 36. ట్రే కొనేముందు బిస్కెట్ కొలవండి. నేను మొదట 18 సెం.మీ. ట్రే కొని మార్చుకోవాల్సి వచ్చింది.

దశ 1: ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది?

స్వీటు కంటే ముందు చేయాల్సిన పని ఇది. నేను రెండు ట్రేలు పాడయ్యాక చేశాను, కానీ డైరీలో ముందు పెడుతున్నాను.

1. గ్లాసు నీళ్ళలో థర్మామీటరు ముంచి రాత్రంతా ఒక అరలో ఉంచాలి.
2. పొద్దున తలుపు తీయగానే చూసి రాసుకోవాలి.
3. మర్నాడు ఇంకో అరలో అలాగే.

మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్ కింది అర 4 డిగ్రీలు, మధ్య అర 8, తలుపు 13. పాల పదార్థాలకు 5 లోపు ఉండాలి. అప్పటిదాకా ట్రేను మధ్య అరలోనే పెట్టాను. నాబ్‌ను ఎండాకాలం గుర్తు దాకా తిప్పి, కూరగాయల సంచులు తీసి గాలి ఆడేలా సర్దాక మధ్య అర 5కు వచ్చింది. తలుపు 10 దగ్గరే ఆగింది. క్రీమ్ ప్యాకెట్లు తలుపులో పెట్టడం అప్పటినుంచి మానేశాను.

దశ 2: మామిడి, మూడు ఓటములు

మొదట ఎంచుకున్నది ఫిలిప్పీన్స్ వాళ్ళ మ్యాంగో ఫ్లోట్. తమ్ముడు (పిన్ని కొడుకు) ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివి వచ్చాడు. మన పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు కాబట్టి ఈ స్వీటు పేరు తెలుగిళ్ళకు కొత్త కాదు. గ్రాహం క్రాకర్లు (గోధుమ పిండి బిస్కెట్లు), చల్లటి క్రీమ్, కండెన్స్డ్ మిల్క్, పండిన మామిడి ముక్కలు, అంతే. అక్కడ కరబావ్ అనే మామిడి వాడతారు. నాకు బంగినపల్లి ఉంది. గ్రాహం బదులు మేరీ.

*ట్రే 1 (మే 11).* కిరాణా కొట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ అర లీటరు చిలికాను. పదిహేను నిమిషాలైనా గట్టిపడలేదు. ప్యాకెట్ తిప్పి చూస్తే కొవ్వు 25 శాతం అని ఉంది. చిలికితే నిలబడాలంటే కనీసం 30 శాతం, ఇంకా బాగుండాలంటే 35 కావాలి. చిలికేటప్పుడు గాలి బుడగల చుట్టూ కొవ్వు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గోడ కడతాయి. కొవ్వు చాలకపోతే గోడ లేవదు. అయినా పొరలు పేర్చి పెట్టాను. పొద్దున చూస్తే పాయసంలో బిస్కెట్లు తేలుతున్నట్టుంది.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, అక్కడ చాలామంది దాన్ని ఫ్రీజర్లో పెట్టేస్తారు. గడ్డకట్టాక కోసి తింటారు" అన్నాడు. పెట్టి చూశాను. ఆరు గంటల తర్వాత కత్తికి లొంగింది, రుచీ బాగుంది. కానీ పళ్ళెంలో పెట్టిన ఎనిమిది నిమిషాలకు మళ్ళీ జారిపోయింది. ఇంట్లో నలుగురికి సరే, ముప్పై మందికి వడ్డించడానికి పనికిరాదు.

*ట్రే 2 (మే 13).* బేకరీ సామాను అమ్మే కొట్టు నుంచి పాలతో చేసిన విప్పింగ్ క్రీమ్ తెచ్చాను. అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేది కూరగాయల కొవ్వుతో చేసింది. అది ఎండకు బాగా నిలుస్తుందని కొట్టాయన చెప్పాడు, నిజమే. కానీ తిన్నాక నాలుక మీద మైనంలా పొర మిగులుతుంది. నాకు మీగడ రుచి కావాలి, అందుకే పాలదే తీసుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి చిలికాను. వంటింట్లో 36 డిగ్రీలు. మూడు నిమిషాల్లో మెత్తగా లేచింది, నాలుగో నిమిషంలో గరుకుగా మారింది, ఐదో నిమిషానికి పసుపు రంగు వెన్న ఒకవైపు, తెల్లటి నీళ్ళు ఒకవైపు. క్రీమ్ 10 డిగ్రీలు దాటితే కొవ్వు మెత్తబడి రేణువులు గోడ కట్టడం మాని ముద్దకట్టేస్తాయి. ట్రే దాకా రానేలేదు. ఆ వెన్న కాచి నెయ్యి చేశాను.

మార్చినవి:

1. చిలకడం పొద్దున ఆరింటికి, ఫ్యాన్ కింద.
2. గిన్నె, బీటరు పుల్లలు ముందురోజు రాత్రి ఫ్రీజర్లో.
3. పెద్ద గిన్నెలో ఐస్ ముక్కలు, గుప్పెడు ఉప్పు, కొంచెం నీళ్ళు. దానిలో చిన్న గిన్నె.
4. బీటరు నెమ్మది వేగం మీదే. పైకెత్తితే కొస కొద్దిగా వంగి నిలబడగానే ఆపాలి. ఇంకో ముప్పై సెకన్లు అనిపించినా ఆపాలి.

*ట్రే 3 (మే 16).* క్రీమ్ సరిగ్గా కుదిరింది. అప్పుడే మార్కెట్లోకి నూజివీడు చిన్న రసాలు వచ్చాయి. రుచిలో వాటికి సాటి లేదని రసం పిండి పొరగా పోశాను. పన్నెండు గంటలకు అడుగు పొర గంజైంది. ట్రే వంచితే మూలకు రసం చేరింది, చెంచాతో తోడి కొలిస్తే 70 మి.లీ. మధ్య పొర బాగుంది, పై పొర పొడిగా ఉంది. రసం అంతా కిందికి దిగిపోయిందన్నమాట.

ఇక్కడే ఈ పని అసలు సంగతి నాకు తెలిసింది. ఇది నీళ్ళ లెక్క. క్రీమ్‌లోనూ పండులోనూ ఉన్న నీరు మెల్లగా బిస్కెట్‌లోకి వెళ్ళాలి. బిస్కెట్ తాగగలిగినంతే ఇస్తే కేకు, ఎక్కువిస్తే గంజి, తక్కువిస్తే పటుక్కుమనే బిస్కెట్.

ఇప్పటిదాకా: ట్రేలు 3, నిలిచినవి 0. ఖర్చు: 325 + 220 + 415 = రూ. 960.

దశ 3: బిస్కెట్ ఎంత తాగుతుంది? (మే 18)

ఒకటి తూస్తే తేడా తెలియదు కాబట్టి పదేసి బిస్కెట్లు తూచి సగటు తీశాను.

పొడి బిస్కెట్: 5.5 గ్రాములు
చల్లటి పాలలో 1 సెకను: 7.2
2 సెకన్లు: 8.4
3 సెకన్లు: 9.6, పట్టుకుంటే వంగుతోంది
5 సెకన్లు: 11 దగ్గర, ఎత్తేలోపే పదిలో ఆరు విరిగిపోయాయి
వేడి డికాక్షన్ (50 డిగ్రీలు) 1 సెకను: 8.8

వేడి ద్రవంలో ఒక్క సెకను, చల్లటి పాలలో రెండు సెకన్లకు మించి పీల్చింది. కాబట్టి ఏది వాడినా ముందు ఫ్రిజ్‌లో చల్లబరచాలి.

అసలు ముంచకపోతే? తమ్ముడు అదే అడిగాడు: "మ్యాంగో ఫ్లోట్‌కి వాళ్ళు ముంచరక్కా. రాత్రంతా ఉంటే క్రీమే తడుపుతుంది." అమెరికా వాళ్ళ ఐస్‌బాక్స్ కేకు పద్ధతీ ఇదే. కరెంటు ఫ్రిజ్‌లు ఇంటింటికీ రాకముందు, ఐసు గడ్డ పెట్టుకునే చెక్క బీరువాల కాలం నుంచి అక్కడ పల్చటి చాక్లెట్ బిస్కెట్లను చిలికిన క్రీమ్‌తో అతికించి రాత్రంతా ఉంచేవారు. వాటికి వాడే పేరుపడ్డ చాక్లెట్ వేఫర్లను తయారీదారు 2023లో ఆపేశాక అక్కడి ఇళ్ళలో ప్రత్యామ్నాయాల వేట మొదలైంది.

రెండు చిన్న డబ్బాల్లో ముంచని మేరీ, చిలికిన క్రీమ్ పేర్చి మధ్యమధ్య ఒక్కో ముక్క కోసి చూశాను. 4 గంటలకు నడుమ ఇంకా పటుక్కుమంది. 8కి అంచు మెత్తబడింది. 14 గంటలకు కత్తి ఆగకుండా దిగింది. 24కి కేకు. 36 దాటాక పొరల మధ్య గీత కనబడదు, రుచి మాత్రం బాగుంది. కోతకు మంచి సమయం 14 నుంచి 36 గంటల మధ్య అని రాసుకున్నాను.

ఈ పరీక్షకు రూ. 60. మొత్తం రూ. 1,020.

దశ 4: మామిడి కుదిరింది (మే 21)

*ట్రే 4.* రసాలను వదల్లేదు, దారి మార్చాను. 500 గ్రాముల రసం మందపాటి గిన్నెలో సన్నటి మంట మీద కలుపుతూ 350 గ్రాములకు దించాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పంచదార వేయలేదు. మామిడి తాండ్రకు ఎండలో పోయే నీరు ఇక్కడ పొయ్యి మీద పోయింది. పచ్చి రసం పరిమళం కొంత తగ్గుతుంది కాబట్టి చల్లారాక రెండు చెంచాల పచ్చి రసం కలిపాను. ముక్కలకు బంగినపల్లి, గట్టిగా ఉన్న పండు, 300 గ్రాములు. కోసిన ముక్కలు జల్లెడలో అరగంట ఉంచితే 25 మి.లీ. నీరు దిగింది. అదంతా ట్రేలోకి పోయేదే కదా.

పొద్దున ఏడింటికి పేర్చి మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, అంటే 26 గంటలకు కోశాను. చదరం చదరంగా లేచింది. అడుగున నీరు లేదు. అమ్మ ఒక ముక్క తిని, "తీపి ఎక్కువైందే, మామిడి వెనక్కి పోయింది" అంది. నిజమే. కండెన్స్డ్ మిల్క్ 200 నుంచి 150 గ్రాములకు తగ్గించాను.

నిలిచినవి 1. ఈ ట్రే రూ. 425, మొత్తం రూ. 1,445.

దశ 5: అదే మేరీ, వేరే దేశాలు

ఒక్క మామిడితో ఆపేయొచ్చు. కానీ షుగర్ ఉన్న పెదనాన్నలిద్దరు, మామిడి పడని మేనత్త ఉన్నారు. తీపి తక్కువది ఒకటి, కాఫీది ఒకటి కావాలి. వెతికితే ఎక్కడ చూసినా మేరీయే. 1874లో రష్యా రాకుమారి మరియా అలెగ్జాండ్రోవ్నాకు, బ్రిటన్ రాణి కొడుకు ఎడిన్‌బరో డ్యూక్‌కు పెళ్ళైనప్పుడు లండన్‌లో పీక్ ఫ్రీన్ అనే బిస్కెట్ల కంపెనీ ఆమె పేరుతో తెచ్చిన బిస్కెట్ ఇది. స్పెయిన్, పోర్చుగల్, మెక్సికో, శ్రీలంక, మలేషియా, మన ఊరి కిరాణా కొట్టు, అన్నిచోట్లా స్థిరపడింది. తీపి తక్కువ, కొవ్వు తక్కువ, గుల్లగా ఉంటుంది కాబట్టి ద్రవాన్ని సమంగా తాగుతుంది. ప్రతి దేశం దాన్ని తన ఇంట్లో ఉన్నదానితో తడిపింది.

*ట్రే 5: మెక్సికో నిమ్మ, కార్లోతా దె లిమోన్ (మే 24).* కండెన్స్డ్ మిల్క్, ఇవాపరేటెడ్ మిల్క్ (పంచదార లేకుండా నీరు దించిన పాలు), నిమ్మరసం, మేరీ. క్రీమ్ చిలకనక్కర్లేదు, గట్టిపరచడానికి వేసే చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసేది) కూడా అక్కర్లేదు. పులుపు తగలగానే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ దగ్గరికి చేరి మిశ్రమం తనంతట తానే చిక్కబడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే. మెక్సికో వాళ్ళ చిన్న లిమోన్, మన గూడూరు నిమ్మ ఒకే జాతి కాయలు. కాబట్టి పులుపు విషయంలో ప్రత్యామ్నాయం వెతకాల్సిన పని లేకపోయింది.

ఇవాపరేటెడ్ మిల్క్ దొరకలేదు. లీటరు పాలు అడుగంటకుండా కాచి 420 మి.లీ.కి దించాను. మొదటిసారి సగం కొలతతో చేసి తొందరపడ్డాను. పాలు గోరువెచ్చగా ఉండగానే నిమ్మరసం పోశాను. విరిగిపోయాయి, పన్నీరు పలుకులు, పచ్చటి నీళ్ళు. రూ. 130 పోయింది. రెండోసారి:

1. కాచిన పాలు, కండెన్స్డ్ మిల్క్ విడివిడిగా ఫ్రిజ్‌లో నాలుగు గంటలు.
2. రెండూ కలిపి, నిమ్మరసం 120 మి.లీ. సన్నటి ధారగా పోస్తూ విస్కుతో కలపడం.
3. రెండు నిమిషాల్లో పెరుగంత చిక్కబడుతుంది. అక్కడ ఆపాలి.
4. బిస్కెట్ ముంచకుండా నాలుగు పొరలు. పై పొర మిశ్రమమే.

నిమ్మకాయను పిండే యంత్రంలో గట్టిగా నొక్కితే తొక్క నూనె దిగి చేదొచ్చింది. చేత్తో పిండితే రాలేదు. పది గంటలకే కోతకు వచ్చింది. ఈ మిశ్రమంలో నీరెక్కువ కాబట్టి బిస్కెట్ త్వరగా మెత్తబడుతుంది, 24 గంటలు దాటనివ్వకూడదు.

నిలిచినవి 2. ఖర్చు 285 + 130. మొత్తం రూ. 1,860.

*ట్రే 6: పోర్చుగల్ కాఫీ, బోలో దె బొలాషా (మే 27).* మేరీని స్ట్రాంగ్ కాఫీలో ముంచి, చిలికిన వెన్న, పంచదార క్రీమ్‌తో పొరలు. మనింట్లో డికాక్షన్ ఉండగా ఇంకేం కావాలి. చల్లటి డికాక్షన్‌లో ఒక్క సెకను ముంచాను. పంచదార బదులు కండెన్స్డ్ మిల్క్‌తో వెన్న చిలికాను. కోత అద్భుతం, గీతలు గీసినట్టు వచ్చాయి. బయట పెట్టిన పన్నెండు నిమిషాలకు వెన్న మెత్తబడి పొరలు పక్కకు జారాయి. గదిలో 34 డిగ్రీలు. వెన్న ఆ వేడికి నిలవదు.

శ్రీలంక వాళ్ళ చాక్లెట్ బిస్కెట్ పుడ్డింగ్‌ది కూడా ఇదే నిర్మాణం. పాలలో ముంచిన మేరీ, కోకో కలిపిన వెన్న ఐసింగ్, పైన జీడిపప్పు. వాళ్ళకూ ఉక్కపోతే. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే చిన్న చిన్న ముక్కలు తినేస్తే సరిపోతుంది. నాకు వడ్డనకు అరగంట కావాలి. రుచికి పదికి పది, వేడుకకు పక్కన పెట్టాను. జర్మనీ వాళ్ళ కాల్టర్ హుండ్ అయితే మొదలే పెట్టలేదు. బటర్ బిస్కెట్ల మధ్య కోకో కలిపిన కొబ్బరి కొవ్వు అది. అక్కడి గదుల్లో గట్టిగా ఉంటుంది. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీలకు కరుగుతుంది, మా ఇంట్లో మే నెలలో అది నూనె సీసాయే.

ఇటలీ తిరమిసు సంగతి చాలామంది అడిగారు. ట్రెవీసో పట్టణంలో 1970ల మొదట్లో పేరొచ్చిన ఆ స్వీటులో గుడ్డు సొన, మస్కర్పోనె జున్ను, బిస్కెట్‌లో కూడా గుడ్డు. గుడ్డు తీసేసి చేస్తే అది వేరే స్వీటు. ఆ పేరు పెట్టడం ఇష్టం లేక చేయలేదు.

ఈ ట్రే రూ. 275. మొత్తం రూ. 2,135.

*ట్రే 7, 8: అర్జెంటీనా చొకోతోర్తా (మే 29, జూన్ 1).* 1982లో ఒక ప్రకటన కోసం మారితే మబ్రగాన్యా అనే ఆవిడ తయారుచేసిన స్వీటు ఇప్పుడు అర్జెంటీనాలో పుట్టినరోజులకు తరచూ కనిపిస్తుంది. చాక్లెట్ బిస్కెట్లు, దుల్సె దె లెచె, క్రీమ్ చీజ్. దుల్సె దె లెచె అంటే గోధుమరంగు వచ్చేదాకా మరిగిన తీపి పాలు. మన కోవా అడుగంటబోయే ముందు వచ్చే వాసన గుర్తుందా, అదే.

దీనికి కండెన్స్డ్ మిల్క్ డబ్బాను మూసినట్టే కుక్కర్లో ఉడికించమని చాలాచోట్ల ఉంటుంది. చేయకండి, డబ్బా పేలే ప్రమాదం ఉంది. నేను డబ్బా తెరిచి స్టీలు గిన్నెలో పోసి, పళ్ళెం మూతపెట్టి, కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్ళమీద పెట్టాను. మొదటి విజిల్ తర్వాత సన్న మంటమీద 40 నిమిషాలు. ప్రెజర్ మొత్తం దిగాకే మూత తీశాను. పైన గట్టిగా, అడుగున పల్చగా ఉంది. గరిటెతో కలిపితే సరిపోయింది.

క్రీమ్ చీజ్ ఖరీదెక్కువ. గేదెపాల పెరుగు వడకట్టాను. ట్రే 7కు కిలో పెరుగు గుడ్డలో కట్టి నాలుగు గంటలు వేలాడదీస్తే 560 గ్రాములైంది. అది చాలనుకున్నాను. మర్నాటికి ట్రే చుట్టూ పెరుగు తేట, బిస్కెట్ పుల్లగా పాచిపోయిన రొట్టెలా అయింది. బయట వేలాడదీయడం వల్ల పులుపు కూడా పెరిగింది.

ట్రే 8కు ఫ్రిజ్‌లోనే జల్లెడ మీద, పైన చిన్న రోలు బండ బరువుపెట్టి 14 గంటలు ఉంచాను. కిలోకు 410 గ్రాములు మిగిలింది, చెంచా నిలబెడితే నిలబడింది. దానికి 380 గ్రాముల దుల్సె దె లెచె కలిపి, చాక్లెట్ బిస్కెట్లను చల్లటి డికాక్షన్‌లో సెకను ముంచి పేర్చాను. 18 గంటలకు కోత శుభ్రంగా వచ్చింది. పులుపు, తీపి, చేదు మూడూ తెలుస్తున్నాయి. బయట 25 నిమిషాలు ఆకారం మారలేదు. వెన్న చేయలేని పని వడకట్టిన పెరుగు చేసింది. కాఫీ ట్రే దొరికింది.

నిలిచినవి 3 (వడ్డనకు ఆగినవి). రెండు ట్రేలు కలిపి రూ. 600, మొత్తం రూ. 2,735.

దశ 6: కరెంటు పోతే? (జూన్ 5)

*ట్రే 9.* మామిడిదే, కొత్త కొలతతో. వేడుక రోజులాగే ఫ్రిజ్ నిండా సర్దాను. మధ్యాహ్నం 2.10కి కరెంటు పోయి 5.20కి వచ్చింది. పరీక్ష నేను పెట్టుకోకుండానే జరిగింది. తలుపు ఒక్కసారి కూడా తీయలేదు. కరెంటు రాగానే చూస్తే గ్లాసు నీళ్ళు 5 నుంచి 8కి, ట్రే నడుమ 5 నుంచి 7కు వెళ్ళాయి. తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు కాపాడుతుంది. అంతకు మించితే పాల స్వీటు మీద ప్రయోగాలు వద్దు, ముఖ్యంగా పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడు.

వేడుకకు రెండు జాగ్రత్తలు రాసుకున్నాను. ఒకటి, ఆరు లీటరు సీసాల నీళ్ళు ముందే గడ్డకట్టించి, కరెంటు పోతే ఒక్కసారే తలుపు తీసి అరల్లో సర్దేయాలి. రెండు, 32 డిగ్రీలు దాటిన చోట గంటకు మించి ఏ ట్రే బయట ఉండకూడదు. అందుకని ఒకదాని తర్వాత ఒకటే బయటికి.

ఈ ట్రే రూ. 425. మొత్తం రూ. 3,160.

దశ 7: జూన్ 13, 14

నాలుగు ట్రేలు: మామిడి 2, నిమ్మ 1, కాఫీ 1. ట్రేకు తొమ్మిది చదరాలు, మొత్తం 36.

మామిడి ట్రే చివరి కొలత (ఒక్కదానికి): మేరీ 36, విప్పింగ్ క్రీమ్ 400 మి.లీ., కండెన్స్డ్ మిల్క్ 150 గ్రా., దించిన రసం 350 గ్రా., బంగినపల్లి ముక్కలు 300 గ్రా., చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి పావు చెంచా.

1. జూన్ 12 రాత్రి: పెరుగు జల్లెడలోకి. రసం దించి ఫ్రిజ్‌లోకి. గిన్నెలు ఫ్రీజర్లోకి.
2. 13 ఉదయం 6: క్రీమ్ చిలికి, సగం నిలబడ్డాక కండెన్స్డ్ మిల్క్ కలిపి మళ్ళీ కొస నిలిచేదాకా.
3. అడుగున పల్చగా క్రీమ్ రాసి (బిస్కెట్ కదలదు), పొడి బిస్కెట్, క్రీమ్, రసం, ముక్కలు. అలా మూడుసార్లు. పై పొర క్రీమ్.
4. ట్రేను ప్లాస్టిక్ కాగితంతో గాలి దూరకుండా కప్పాలి. లేకపోతే ఫ్రిజ్‌లోని పులిహోర వాసన క్రీమ్‌కు పడుతుంది.
5. 13 రాత్రి 8: కాఫీ ట్రే. 14 ఉదయం 7: నిమ్మ ట్రే.
6. 14 సాయంత్రం 5.30: వేడి నీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో కోత. ప్రతి గీతకూ తుడవాలి.

ఒక తప్పు చేశాను. ఒక మామిడి ట్రే మీద అలంకారానికి ముక్కలు ముందురోజే పెట్టాను, రెండోదానికి వడ్డించేముందు పెట్టాను. మొదటిదాని మీద ముక్కల చుట్టూ పసుపు నీటి మరకలు, క్రీమ్ అక్కడక్కడా కుంగింది. గరిటె వెనకతో సవరించి తురిమిన పిస్తా చల్లాను. పై ముక్కలు చివరి గంటలోనే పెట్టండి.

కరెంటు పోలేదు. ఏసీ హాల్లో 28 డిగ్రీలు. మామిడి రెండు ట్రేలూ పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. పెదనాన్నలు నిమ్మ తలో అర ముక్క తీసుకున్నారు. మేనత్త కాఫీది తిని, "ఇందులో పెరుగుందా? నేను జున్నేమో అనుకున్నా" అంది. నిమ్మలో నాలుగు ముక్కలు, కాఫీలో ఒకటి మిగిలాయి.

నాలుగు ట్రేల ఖర్చు 425 + 425 + 285 + 300 = రూ. 1,435. ముక్కకు సుమారు రూ. 40. ప్రయోగాలతో కలిపి మొత్తం రూ. 4,595.

జూన్ 16 ఉదయం మిగిలినవి చూశాను. నిమ్మ ముక్కల కింద 18 మి.లీ. నీరు చేరింది, బిస్కెట్ గీత మాయమైంది. కాఫీ ముక్క కింద చుక్క లేదు. అది నాన్నకు ఇచ్చాను.